ఉక్కుకు ఓపిక పరీక్ష

కల్పాక్కంలో దేశ అణు విద్యుత్ కార్యక్రమపు రెండో దశ అర మిల్లీమీటరు మందం కూడా లేని ఉక్కు గొట్టాల మీద ఆధారపడి ఉంది. న్యూట్రాన్ల తాకిడికి అవి ఎన్నాళ్లు నిలుస్తాయన్నదే అసలు ప్రశ్న

చెన్నై నుంచి తూర్పు తీర రహదారి పట్టుకుని దక్షిణంగా వెళ్లే తెలుగు యాత్రికుల బస్సులు చాలావరకు మహాబలిపురంలో ఆగి వెనక్కి తిరుగుతాయి. అక్కడి తీర దేవాలయాన్ని పల్లవ రాజు రాజసింహుడు 8వ శతాబ్దం తొలినాళ్లలో కట్టించాడు. పదమూడు వందల ఏళ్ల ఉప్పుగాలికి శిల్పాల కళ్లూ ముక్కులూ అరిగిపోయాయి గానీ గుడి నిలిచే ఉంది. అదే దారిలో మరో 15 కి.మీ. దాకా వెళితే కల్పాక్కం వస్తుంది. అక్కడ పరీక్షకు నిలబడ్డది రాయి కాదు, స్టెయిన్‌లెస్ స్టీలు. దాన్ని దెబ్బతీసేది ఉప్పుగాలి కాదు, కంటికి కనిపించని న్యూట్రాన్లు. ఆ పరీక్ష ఫలితం తేలడానికి శతాబ్దాలు అక్కర్లేదు. రెండు మూడేళ్లు చాలు.

బంగాళాఖాతానికీ బకింగ్‌హాం కాలువకీ నడుమ సన్నటి పట్టీలా పరుచుకున్న నేల ఇది. ప్రకాశం, నెల్లూరు జిల్లాల వాళ్లకు ఈ కాలువ కొత్తది కాదు. పెదగంజాం దగ్గర మొదలై, నెల్లూరు, చెన్నై మీదుగా మరక్కాణం దాకా సాగే ఆ పాత జలమార్గమే ఇక్కడ అణు కేంద్రానికి పడమటి వైపున కనిపిస్తుంది. పక్కనే సద్రాస్‌లో 17వ శతాబ్దపు డచ్చి కోట, దానిలో డచ్చివారి సమాధులు. ఒకప్పుడు ఇక్కడి నుంచి సన్నటి నేత బట్టలు ఓడలెక్కేవి. ఇప్పుడు ఊరికి పేరు తెచ్చింది అణుశక్తి. చుట్టూ జాలర్ల పల్లెలు, సరుగుడు తోటలు, అణుశక్తి శాఖ ఉద్యోగుల టౌన్‌షిప్. సాయుధ కాపలా ఉన్న గేట్లు దాటితే రియాక్టర్ల గోపురాలు, పొగ లేని చిమ్నీలు.

కల్పాక్కం అంటే చాలామందికి గుర్తొచ్చేది 1983, 1985లలో పని మొదలుపెట్టిన మద్రాసు అణు విద్యుత్ కేంద్రపు రెండు యూనిట్లు. దేశం దృష్టిలో అంతకన్నా పెద్ద పందెం పక్క ఆవరణలో ఉంది. 1971లో రియాక్టర్ రీసెర్చ్ సెంటర్‌గా మొదలై, 1985లో ఇందిరాగాంధీ పేరు పెట్టుకున్న అణు పరిశోధన కేంద్రం (ఐజీకార్) అది. ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్లను తయారుచేయడమే దాని ప్రధాన లక్ష్యం. కాల్చిన ఇంధనం కన్నా ఎక్కువ ఇంధనాన్ని పుట్టించగల రియాక్టర్లు ఇవి. హోమీ భాభా గీసిన మూడు దశల పథకంలో రెండో మెట్టు. దేశంలో యురేనియం నిల్వలు పరిమితం, థోరియం పుష్కలం. ఆ థోరియం ఉండే మోనజైట్ నిల్వల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకదే. దాన్ని వాడుకునే మూడో మెట్టు ఎక్కాలంటే ముందు ఈ రెండో మెట్టు గట్టిగా ఉండాలి. ఆ గట్టిదనం ఇంధనం మీద కన్నా దాన్ని పట్టి ఉంచే ఉక్కు మీదే ఎక్కువ ఆధారపడటం ఈ కథలో మెలిక.

లోపల జరిగేది

మామూలు రియాక్టర్లో నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గిస్తుంది. ఫాస్ట్ రియాక్టర్లో వేగం తగ్గకూడదు. అందుకే అక్కడ నీటికి బదులు కరిగిన సోడియం ప్రవహిస్తుంది. కోర్ మధ్యలో చదరపు సెంటీమీటరు మీదుగా సెకనుకు కోటి కోట్లకు మించిన న్యూట్రాన్లు దూసుకుపోతుంటాయి. ఉక్కులో ఇనుము, క్రోమియం, నికెల్ పరమాణువులు వరుసలు తీరి ఉంటాయి. వేగంగా వచ్చిన న్యూట్రాన్ వాటిలో ఒకదాన్ని తాకితే క్యారమ్ బోర్డు మీద స్ట్రైకర్ దెబ్బ తగిలినట్టే. తగిలిన పరమాణువు చోటు వదిలి మరికొన్నిటిని గుద్దుతుంది, అవి ఇంకొన్నిటిని. సెకనులో లక్ష కోట్లో వంతు లెక్కన సాగే ఈ గందరగోళంలో చెల్లాచెదురైన పరమాణువుల్లో చాలావరకు మళ్లీ ఏదో ఒక ఖాళీలో సర్దుకుంటాయి. కొన్ని సర్దుకోవు. ఆ కొన్నిటితోనే చిక్కంతా.

దెబ్బను కొలవడానికి శాస్త్రవేత్తలు వాడే కొలమానం డీపీఏ. ఒక్కో పరమాణువు సగటున ఎన్నిసార్లు తన చోటు నుంచి తన్నుకుపోయిందన్న లెక్క అది. కల్పాక్కంలో కట్టిన 500 మెగావాట్ల ప్రోటోటైప్ ఫాస్ట్ బ్రీడర్ రియాక్టర్ (పీఎఫ్‌బీఆర్) ఇంధన గొట్టాలకు పెట్టుకున్న గరిష్ఠ లక్ష్యం సుమారు 85 డీపీఏ. అంటే గొట్టం కోర్‌లో ఉండే రెండేళ్ల పైచిలుకు కాలంలో అందులోని ప్రతి పరమాణువూ సగటున 85 సార్లు ఇల్లు మారుతుంది. నీటి రియాక్టర్లలో కోర్‌ను ఆనుకుని ఉండే ఉక్కు భాగాలు దశాబ్దాల పాటు తినే దెబ్బలను ఇది అంత కొద్ది కాలంలోనే తినాలి.

ఇన్నిసార్లు ఇల్లు మారాక ఉక్కు మునుపటిలా ఉండదు. మొదట గట్టిపడుతుంది, సాగే గుణం తగ్గుతుంది, చివరికి పెళుసుబారుతుంది. స్ఫటికాల సరిహద్దుల్లో క్రోమియం పలచబడి నికెల్ పోగుపడుతుంది. నికెల్, బోరాన్‌లతో న్యూట్రాన్లు జరిపే చర్యల వల్ల లోహం లోపలే హీలియం పుడుతుంది. అన్నిటికన్నా విచిత్రమైనది ఉబ్బడం. చోటు తప్పిన పరమాణువులు స్ఫటికంలోని లోపాల వరుసల్లో కాస్త త్వరగా ఇమిడిపోతాయి. అవి వదిలిన ఖాళీలు మిగిలిపోయి ఒకచోట చేరతాయి. హీలియం వాటికి ఊతమిస్తుంది. పులిసిన ఇడ్లీ పిండిలో బుడగలు లేచినట్టు లోహం నిండా నానోమీటర్ల సైజు గుల్లలు లేస్తాయి. తేడా ఒక్కటే: ఈ గుల్లల్లో చాలావరకు ఉన్నది శూన్యమే. బరువు పెరగదు, సైజు పెరుగుతుంది.

ఈ సంగతి 1967 దాకా ప్రపంచానికి తెలియదు. న్యూట్రాన్లు పరమాణువులను చోటు తప్పిస్తాయని యూజీన్ విగ్నర్ 1940లలోనే హెచ్చరించారు. కానీ స్కాట్లాండ్‌లోని డౌన్‌రే ఫాస్ట్ రియాక్టర్ నుంచి తీసిన స్టెయిన్‌లెస్ స్టీలును ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి, అందులోని గుల్లలను ‘నేచర్’ పత్రికలో వెల్లడించింది కాథార్న్, ఫుల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు. అప్పటికే గీసిన ఫాస్ట్ రియాక్టర్ డిజైన్లన్నిటినీ మళ్లీ లెక్క వేసుకోవాల్సి వచ్చింది.

వాయిదా తప్ప విముక్తి లేదు

తర్వాతి ప్రయోగాల్లో మరో కఠిన సత్యం తేలింది. ఈ రకం స్టీళ్లన్నిటికీ ఒక పొదుగు కాలం ఉంటుంది. అంతవరకూ ఉబ్బు నామమాత్రం. ఆ గడువు దాటాక ఏ స్టీలైనా దాదాపు ఒకే జోరుతో, డీపీఏకు సుమారు ఒక శాతం చొప్పున, పెరగడం మొదలుపెడుతుంది. మిశ్రమంలో ఏం కలిపినా ఆ జోరును ఆపలేరు. పొదుగు కాలాన్ని పొడిగించగలరంతే. ఉబ్బు పది శాతం దాటిందంటే ఉక్కు గాజులా పెళుసైపోయే ప్రమాదం ఉంటుంది.

ఇది అంకెల్లో చిన్నదిగా అనిపించవచ్చు. కానీ పీఎఫ్‌బీఆర్ కోర్‌లో 181 ఇంధన కట్టలు, ఒక్కో కట్టలో 217 గొట్టాలు. మొత్తం 39 వేలకు పైగా. ఒక్కో గొట్టం వెలుపలి వ్యాసం 6.6 మి.మీ., గోడ మందం 0.45 మి.మీ. వాటి సందుల్లోంచే సోడియం పారాలి, దాదాపు 400 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లి 550 డిగ్రీలకు చేరువగా బయటికి రావాలి. గొట్టాలు ఉబ్బితే సందులు ఇరుకవుతాయి. కట్ట చుట్టూ ఉండే ఆరు పలకల ఉక్కు తొడుగు ఒక వైపు ఎక్కువ, మరో వైపు తక్కువ ఉబ్బితే విల్లులా వంగుతుంది. వంగిన కట్టను కనిపించని సోడియం అడుగు నుంచి పైకి లాగడం తేలిక కాదు. గొట్టం చిట్లితే రేడియోధార్మిక వాయువులు సోడియంలోకి చేరతాయి, రియాక్టర్‌ను ఆపాల్సి వస్తుంది.

అందుకే ఇంధనంలో శక్తి మిగిలి ఉండగానే కట్టను బయటికి తీస్తారు. టన్నుకు లక్ష మెగావాట్-రోజులన్న పీఎఫ్‌బీఆర్ లక్ష్యం చేరినా ఇంధనంలోని భారీ పరమాణువుల్లో విచ్ఛిన్నమయ్యేది దాదాపు పదో వంతే. మిగతాదాన్ని శుద్ధి చేసి, మళ్లీ గొట్టాల్లో నింపి, మళ్లీ కోర్‌లో పెట్టాలి. ఈ ప్రతి చుట్టూ ఖర్చుతో, ప్రమాదంతో కూడినదే. ఉక్కు రెట్టింపు కాలం నిలిస్తే చుట్లు సగమవుతాయి. ఫాస్ట్ రియాక్టర్ కరెంటు ధరలో ఉక్కు ఓపిక కూడా ఒక అంకె.

పరీక్షకు ఓ పాత రియాక్టర్

కల్పాక్కం ఈ పాఠాన్ని నేర్చుకున్నది తన ఆవరణలోని చిన్న రియాక్టర్లో. ఫ్రాన్స్‌లోని రాప్సొడీ నమూనాగా కట్టిన ఫాస్ట్ బ్రీడర్ టెస్ట్ రియాక్టర్ (ఎఫ్‌బీటీఆర్) 1985 అక్టోబర్ 18న క్రిటికాలిటీ సాధించింది. 1974 పోఖ్రాన్ పరీక్ష తర్వాత బయటి నుంచి శుద్ధి చేసిన యురేనియం వచ్చే దారి మూసుకుపోవడంతో, ప్రపంచంలో ఎవరూ రియాక్టర్ నడిపే స్థాయిలో వాడని ప్లుటోనియం-యురేనియం కార్బైడ్ ఇంధనాన్ని ఇక్కడివారు ఎంచుకున్నారు. అనుభవం లేని ఇంధనం, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం. అందుకే ఆచితూచి అడుగేశారు. మొదట టన్నుకు 25 వేల మెగావాట్-రోజుల దగ్గరే ఆగి, ఒక కట్టను తీసి పరీక్షించారు. తర్వాత 50 వేలు, లక్ష, 1.55 లక్షలు. ప్రతి మెట్టు దగ్గరా ఉక్కు ఏం చెబుతుందో విన్నాకే పై మెట్టుకు అనుమతి. 40 మెగావాట్ల పూర్తి ఉష్ణశక్తి స్థాయిని ఎఫ్‌బీటీఆర్ అందుకున్నది 2022 మార్చిలో. పుట్టిన 36 ఏళ్లకు.

ఆ వినడం జరిగేది రేడియోమెటలర్జీ ప్రయోగశాలలోని హాట్ సెల్స్‌లో. మందపాటి కాంక్రీటు గోడలు, సీసం కలిపిన గాజు కిటికీలు, లోపల జడ వాయువు. కార్బైడ్ ఇంధనం గాలి తగిలితే అంటుకోగలదు. కిటికీ ఇవతల మనిషి చేతులు కదిపితే అవతల లోహపు చేతులు కదులుతాయి. వాటితోనే కట్టను కోయాలి, గొట్టం వ్యాసాన్ని మైక్రాన్లలో కొలవాలి, ముక్కలను సాగదీసి ఎక్కడ తెగుతుందో చూడాలి. న్యూట్రాన్లు తిన్న ఉక్కు తనే రేడియోధార్మికమవుతుంది కాబట్టి చేత్తో ముట్టుకునే వీల్లేదు. ఇతర చోట్ల ఒక పూటలో ముగిసే కొలత ఇక్కడ వారాల పని.

రియాక్టర్లో ఏళ్ల తరబడి ఆగలేని వాళ్లకు అడ్డదారి ఒకటి ఉంది. అదే ఆవరణలోని 1.7 మిలియన్ ఓల్టుల యాక్సిలరేటర్ నుంచి నికెల్ అయాన్లను ఉక్కు మీదికి వదిలితే, ఏళ్లలో పడే దెబ్బలు గంటల్లో పడతాయి. ముందుగా కాస్త హీలియం ఎక్కించి మరీ కొడతారు. ఉక్కులో టైటానియానికీ కార్బన్‌కూ మధ్య నిష్పత్తి ఎంతుంటే ఉబ్బు తక్కువో ఇలాంటి ప్రయోగాలతో వెతికారు. కానీ అయాన్లు చొచ్చుకుపోయేది మైక్రాన్ల లోతుకే. దెబ్బ పడే వేగం వేరు, దాన్ని మాన్చుకోవడానికి ఉక్కుకు దొరికే వ్యవధి వేరు. కాబట్టి యాక్సిలరేటర్ దారి చూపగలదు గానీ తీర్పు చెప్పలేదు. తీర్పు రియాక్టర్‌దే.

హైదరాబాద్ గొట్టాలు

పీఎఫ్‌బీఆర్‌కు ఎంచుకున్న స్టీలు పేరు డీ9. క్రోమియం, నికెల్ చెరో 15 శాతం దాకా ఉండి, టైటానియం కలిపిన మిశ్రమం ఇది. గొట్టాన్ని చల్లగా ఉండగానే లాగి సుమారు 20 శాతం నలగ్గొడతారు. ఆ నలుగుడుతో పుట్టిన లోపాలు, టైటానియం కార్బైడ్ నలుసులు చోటు తప్పిన పరమాణువులకూ ఖాళీలకూ ఉచ్చులుగా పనిచేస్తాయి. అవి రెండూ అక్కడే కలుసుకుని ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటే గుల్లలు లేవడం ఆలస్యమవుతుంది. ఫాస్ఫరస్, సిలికాన్ పాళ్లు సవరించిన డీ9ఐ ఆ దారిలో తర్వాతి అడుగు. ఉక్కులో మలినంగా చూసే ఫాస్ఫరస్‌ను ఇక్కడ లెక్క ప్రకారం ఉంచుతున్నారు.

ఈ కథలో తెలుగు నేల పాత్ర పెద్దదే. పీఎఫ్‌బీఆర్ కోర్‌కు కావాల్సిన గొట్టాలు, ఆరు పలకల తొడుగులు తయారైంది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్స్‌లో. ప్రత్యేక మిశ్రమాలను కరిగించి పోసే మిధాని కూడా ఆ నగరంలోదే. రెండున్నర మీటర్లకు పైబడ్డ గొట్టంలో ఎక్కడా వెంట్రుకవాసి పగులుండకూడదు. అలాంటివి వేలల్లో కావాలి.

ఆ తర్వాతి తరం ఉక్కు పని కూడా హైదరాబాద్‌తో ముడిపడింది. 9 శాతం క్రోమియం ఉండే ఫెర్రిటిక్ స్టీళ్లు స్ఫటిక నిర్మాణం వల్ల స్వతహాగా తక్కువ ఉబ్బుతాయి. వాటి బలహీనత వేడి. 550 డిగ్రీలు దాటితే మెత్తబడి సాగిపోతాయి. ఆ లోపాన్ని పూడ్చడానికి నానోమీటర్ల సైజు యిట్రియం ఆక్సైడ్ రేణువులను లోహపు పొడిలో కలిపి గొట్టాలు చేసే పద్ధతి ఉంది. పౌడర్ మెటలర్జీ పరిశోధన సంస్థ ఆర్చి, న్యూక్లియర్ ఫ్యుయెల్ కాంప్లెక్స్, కల్పాక్కం కలిసి అలాంటి ఓడీఎస్ గొట్టాలను తయారుచేశాయి. టన్నుకు రెండు లక్షల మెగావాట్-రోజులు అందుకోవాలన్నది ఆశ. గొట్టం చేయడం ఒక ఎత్తు, దాన్ని రియాక్టర్లో ఏళ్ల పాటు పెట్టి నిజం తేల్చడం మరో ఎత్తు.

మార్చలేని భాగాలు

గొట్టం పాడైతే మార్చవచ్చు. మార్చలేనివీ ఉన్నాయి. సుమారు 13 మీటర్ల వ్యాసం ఉన్న పీఎఫ్‌బీఆర్ ప్రధాన పాత్ర, అందులో కోర్‌ను మోసే గ్రిడ్ ప్లేటు రియాక్టర్ ఉన్నంతకాలం ఉండాలి. వాటికి న్యూట్రాన్లు పెద్దగా తగలకుండా చుట్టూ కవచాలు పెట్టారు. రాపిడి తట్టుకోవడానికి సాధారణంగా వాడే కోబాల్ట్ పూతను కూడా పక్కనపెట్టి నికెల్ పూత ఎంచుకున్నారు. కోబాల్ట్ న్యూట్రాన్‌ను మింగితే తీవ్ర గామా కిరణాలు వెదజల్లే కోబాల్ట్-60గా మారి, మరమ్మతుకు వెళ్లే మనిషికి ముప్పవుతుంది.

ఈ జాగ్రత్త అతి కాదని చరిత్రే చెబుతోంది. రాజస్థాన్ అణు విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్‌లో 1981లో ఎండ్ షీల్డుకు పగుళ్లు వచ్చాయి. దానికి వాడిన నికెల్ ఉక్కు రేడియేషన్‌కు పెళుసుబారే రకమని తేలడంతో తర్వాతి రియాక్టర్లలో స్టెయిన్‌లెస్ స్టీలుకు మారారు. స్టెయిన్‌లెస్ స్టీలుకూ మినహాయింపు లేదు. 2016లో న్యూయార్క్ దగ్గరి ఇండియన్ పాయింట్ రెండో యూనిట్‌ను తనిఖీ చేస్తే, కోర్ చుట్టూ పలకలను బిగించిన 832 బోల్టుల్లో 227 దెబ్బతిన్నాయి. అది నీటి రియాక్టర్, దశాబ్దాల వయసున్నది.

పీఎఫ్‌బీఆర్ సొంత చరిత్రా సాఫీగా లేదు. 2004లో పని మొదలైన కొద్ది నెలలకే, డిసెంబర్ 26న, సునామీ నీరు పునాది గోతిని ముంచేసింది. టౌన్‌షిప్‌లోనూ పక్క పల్లెల్లోనూ ప్రాణాలు పోయాయి. మొదట అనుకున్న ఖర్చు రూ. 3,492 కోట్లు, గడువు 2010. ఖర్చు పెరిగింది, గడువు పదేపదే జరిగింది. కోర్‌లో కట్టలు పెట్టడం ప్రధాని సమక్షంలో మొదలైంది 2024 మార్చి 4న. ఇంత ఆలస్యానికి ఉక్కు ఉబ్బు కారణం కాదు. సోడియంతో పనిచేసే కొత్త యంత్రాలను సరిచేయడంలోనే ఏళ్లు గడిచాయి. ఫాస్ట్ రియాక్టర్ల ఖర్చు, భద్రతలను భౌతిక శాస్త్రవేత్త ఎం.వి. రమణ వంటి విమర్శకులు చాలాకాలంగా ప్రశ్నిస్తూనే ఉన్నారు. ఫ్రాన్స్ సూపర్ ఫీనిక్స్‌ను 1990లలోనే మూసేసింది. 1995లో సోడియం లీకైన మొంజును కూల్చాలని జపాన్ 2016లో నిర్ణయించింది. 1980 నుంచి నడిచిన బీఎన్-600తో రష్యా మాత్రం ఉక్కు రకాలను ఒక్కొక్కటే మార్చుకుంటూ అనుభవం కూడగట్టుకుంది.

విధాన నిర్ణేతలు మెగావాట్లలో, కోట్లలో, గడువుల్లో లెక్కలు వేస్తారు. ఢిల్లీలో కాగితం మీద రియాక్టర్ల సంఖ్యను ఒక్క సంతకంతో పెంచవచ్చు. కొత్త ఉక్కుకు వంద డీపీఏ దెబ్బల అనుభవాన్ని సంతకంతో తెప్పించలేరు. మిశ్రమం తయారుచేయడానికి, గొట్టం లాగడానికి, రియాక్టర్లో పెట్టి ఏళ్ల పాటు ఆగడానికి, చల్లార్చి కోసి చూడటానికి కలిపి పదేళ్లు తక్కువేమీ కాదు. పొరుగున బతికే జాలరి పల్లెల భద్రత, రేపటి కరెంటు బిల్లు, మన తీరపు ఇసుకలోని థోరియం భవిష్యత్తు, మూడూ ఆ పదేళ్లను తొందరపడి కుదించకపోవడం మీదే ఆధారపడ్డాయి. పాతికవేలు, యాభైవేలు, లక్ష అంటూ ఎఫ్‌బీటీఆర్ ఎక్కిన మెట్లు నెమ్మదిగా ఉన్నందుకే నమ్మదగినవయ్యాయి. పెద్ద రియాక్టర్‌కూ అదే నడక అవసరం.